ప్రోగ్రామర్ కొనాలా, చేసుకోవాలా?

ఫిల్మ్‌నగర్ అనగానే స్టూడియో గేట్లు గుర్తొస్తాయి. ఆ గేట్ల లోపల, సెట్ మీద మిణుకుమనే కంట్రోల్ ప్యానెల్ వెనకా, పాటలో డాన్సర్ గౌను అంచున పరిగెత్తే ఎల్‌ఈడీ వరస వెనకా గోరంత చిప్ ఒకటి ఉంటుంది. మైక్రోకంట్రోలర్. అందులో ఎవరో కోడ్ ఎక్కించి ఉంటారు. ఆ ఎక్కించే పనిముట్టు పేరు ప్రోగ్రామర్. దాన్ని బజార్లో కొనుక్కోవాలా, ఇంట్లో చేసుకోవాలా అన్నది ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కడ కలిసినా లేచే గొడవ.

ఇక్కడ మాట్లాడే ఇద్దరూ నేను ఊహించుకున్న మనుషులు. ఆయన మద్రాసులో పని నేర్చి, పరిశ్రమ వెంట హైదరాబాదు వచ్చి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్లకి లైటింగ్ సర్క్యూట్లు చేసిపెట్టే పెద్దాయన. ఆమె ఆయన అన్న కూతురు, గచ్చిబౌలిలో ఎంబెడెడ్ ఇంజనీరు. వేసవిలో ఆయన షెడ్డులో బీటెక్ పిల్లలకి క్లాసు పెడుతోంది. మొదటి రోజే పిల్లల చేత ప్రోగ్రామర్ చేయించాలని ఆమె పట్టు, వద్దని ఆయన. పెద్దాయన చేసుకోమంటాడనీ చిన్నమ్మాయి కొనుక్కుందామంటుందనీ అనుకుంటాం. ఇక్కడ తిరగబడింది. నా మొగ్గు అమ్మాయి వైపే. కానీ బాబాయి మాటల్ని కొట్టిపారేయలేను.

బాబాయి: పిల్లలు వచ్చేది చిప్‌తో ఏదో ఒకటి చేసి చూసుకుందామని. మొదటి రోజే సోల్డరింగ్ ఐరన్ చేతికిచ్చి, జీరో పీసీబీ మీద తీగలు అతికించి, సాయంత్రానికి ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలగకపోతే రెండో రోజు ఎవడూ రాడు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళు. యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. తలా ఒకటి కొనిచ్చి అసలు పని మొదలుపెట్టు.

అమ్మాయి: కొనివ్వడం కష్టం కాదు బాబాయ్. ఫైనలియర్ వైవాకి పిలిచినప్పుడల్లా నేనడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: కోడ్ చిప్‌లోకి ఎలా వెళ్ళింది? "డంప్ చేశాం మేడమ్" అంటారు. ఎలా చేశారంటే బటన్ నొక్కామంటారు. ప్రాజెక్టు మొత్తం అమీర్‌పేటలో కొనుక్కొచ్చినవాడూ అదే చెప్తాడు, రాత్రింబవళ్ళు కూర్చుని సొంతంగా రాసినవాడూ అదే చెప్తాడు. ఆ రెండోవాడి కోసమే నా బాధ. అంతా చేసి, ఆ ఒక్క మెట్టు దగ్గర మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

బాబాయి: కళ్ళు తెరిస్తే ఏం కనిపిస్తుంది?

అమ్మాయి: నాలుగు తీగలు. కరెంటూ గ్రౌండూ కలిపితే ఆరు. రీసెట్ తీగని సున్నాకి లాగి పట్టుకుంటే చిప్ తన పని ఆపేసి మన మాట వింటుంది. ఎస్‌సీకే తీగ మీద క్లాక్ కొడుతూ, మోసీ తీగ మీద నాలుగు బైట్లు పంపుతాం. హెక్స్‌లో ఏసీ, 53, 00, 00. మూడో బైటు వెళ్తుండగా మీసో తీగ మీద చిప్ ఆ 53ని తిరిగి అప్పజెబుతుంది. వస్తే సంబంధం కుదిరినట్టు. రాకపోతే రీసెట్ ఒకసారి వదిలి మళ్ళీ మొదలు. కుదిరాక నువ్వెవరని అడుగుతాం. ఏటీమెగా328పీ అయితే 1ఈ, 95, 0ఎఫ్ అంటుంది. ఆ 1ఈ అట్మెల్ కంపెనీ గుర్తు. 2016లో అట్మెల్‌ని మైక్రోచిప్ కొనేసినా ఆ చిప్ ఇప్పటికీ అదే గుర్తు చెప్తుంది. ఇదంతా పిల్లవాడు తన చేత్తో కలిపిన తీగల మీద జరగాలి బాబాయ్. 53 తిరిగొచ్చిన క్షణంలో వాడి మొహం చూడాలి నువ్వు.

బాబాయి: చూశానమ్మా. నా మొహమే అద్దంలో చూసుకున్నాను. నాకు తెలియక చెప్తున్నానా?

ఆయనకి తెలుసు. బల్ల సొరుగులో ఇరవై అయిదు పిన్నుల ప్రింటర్ పోర్టు కనెక్టర్ ఒకటి ఇంకా ఉంది. హుడ్ విప్పితే లోపల కనిపించేది మూడు నాలుగు రెసిస్టర్లూ, సన్నటి తీగలూ, వాటి మీద వేడికి ముడుచుకున్న స్లీవ్ ముక్కలూ. రెండో పిన్ను మోసీ, ఒకటి క్లాక్, పదహారు రీసెట్, పదకొండు మీసో. వీటన్నిటికీ తోడు గ్రౌండ్. చిప్ అన్నది అందులో ఒక్కటీ లేదు. ఏవీఆర్‌డ్యూడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డాపా అనే పేరుతో ఈ తీగల అమరిక నమోదై ఉంది.

బాబాయి: మా రోజుల సంగతి చెప్తాను. ముందు ఈప్రామ్‌లు. చిప్ నెత్తిన గాజు కిటికీ. తప్పు రాస్తే అతినీలలోహిత కాంతి దీపం కింద పెట్టి పావుగంట పైనే కూర్చోవాలి, చెరిగాక మళ్ళీ రాయాలి. రాసే యంత్రం ధర విని మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళం. 1993లో మైక్రోచిప్ వాళ్ళు పిక్16సీ84 అనే చిప్ తెచ్చారు. కరెంటుతోనే చెరుగుతుంది, కరెంటుతోనే రాసుకుంటుంది. కిటికీ లేదు, దీపం లేదు. మాంచెస్టర్ నుంచి డేవిడ్ టెయిట్ అనే ఆయన ప్రింటర్ పోర్టుకి తగిలించే చిన్న సర్క్యూట్ వేసి అందరికీ పంచిపెట్టాడు. డెన్మార్క్ నుంచి జెన్స్ మాడ్సన్ ఇంకో అడుగు వేసి, సీరియల్ పోర్టు వోల్టేజీ నుంచే పిక్‌కి కావలసిన పదమూడు వోల్టులు పిండాడు. వేరే సప్లై కూడా అక్కర్లేదు. ఆ బొమ్మల జిరాక్సులు చేతులు మారేవి. చేసుకున్నాం, నిజమే. మరో దారి లేక చేసుకున్నాం. ఇప్పుడు దారి ఉంది. లేనప్పుడు పడ్డ పాట్లని పాఠంగా పెట్టడం నాకు నచ్చదు.

అమ్మాయి: పాట్లు పడమనడం లేదు. నువ్వు కొనమంటున్న యూఎస్‌బీఏఎస్‌పీ సంగతే చూడు. జర్మనీలో థామస్ ఫిష్ల్ డిజైన్ చేసి అందరికీ ఇచ్చేశాడు. దాని నడిబొడ్డున ఉన్నది ఏటీమెగా8, అది కూడా మైక్రోకంట్రోలరే. దాంట్లో కోడ్ లేకపోతే అది ప్రోగ్రామర్ కాదు. ఆ కోడ్ ఎక్కించడానికి ఇంకో ప్రోగ్రామర్ కావాలి. దానికి ఇంకోటి. చెట్టు ముందా, విత్తు ముందా? నీ సొరుగులో ఉన్న ఆ రెసిస్టర్ల కేబుల్‌కి మాత్రం ఈ చిక్కు లేదు. దాంట్లో కోడ్ ఎక్కించాల్సిన చిప్పే లేదు కాబట్టి. మొట్టమొదటి చిప్‌కి కోడ్ ఎక్కించగలిగేది అలాంటి వస్తువే.

బాబాయి: ఆ కేబుల్ తీసుకుపోయి నీ లాప్‌టాప్‌కి తగిలించు చూద్దాం.

అమ్మాయి: పోర్టు లేదు.

బాబాయి: లేదు కదా. యూఎస్‌బీ నుంచి ప్రింటర్‌కి వెళ్ళే కన్వర్టర్ కొన్నావనుకో, అది ప్రింటర్‌తో మాట్లాడుతుంది కానీ ఒక్కో పిన్నునీ మనం కావలసినప్పుడు పైకీ కిందికీ ఆడించనివ్వదు. మన కేబుల్‌కి కావలసింది ఆ ఆటే. ఆ విద్య కాలం చేసిందమ్మా.

అమ్మాయి: ఆ పోర్టు కాలం చేసింది, విద్య కాదు. ఆర్డుయినో ఊనో మీద ఆర్డుయినోఐఎస్‌పీ అనే ఎగ్జాంపుల్ ఎక్కిస్తే అదే ప్రోగ్రామర్ అవుతుంది. రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పది మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. లేకపోతే కంప్యూటర్ పోర్టు తెరవగానే ఊనో తనే రీసెట్ అయిపోయి, అవతలి చిప్‌కి వెళ్ళాల్సిన పిలుపుని తన బూట్‌లోడర్ అందుకుంటుంది. ఇంకా కొత్త ఏటీటైనీలైతే యూపీడీఐ అనే పద్ధతి. కోడ్ వెళ్ళేది ఒక్క తీగ మీద. మామూలు యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్, ఒక రెసిస్టర్ గానీ డయోడ్ గానీ ఉంటే చాలు. 1993 కంటే ఇప్పుడే ఇంట్లో చేసుకోవడం తేలిక.

బాబాయి: ఆ ఊనోలో మొదటి కోడ్ ఎవరెక్కించారు?

అమ్మాయి: ఫ్యాక్టరీలో.

బాబాయి: అంటే నీ విత్తు కూడా కొన్నదే. ఇందాక చెప్పిన చిక్కు ఎక్కడికీ పోలేదు. కొన్న బోర్డుకి నాలుగు జంపర్ తీగలు గుచ్చి సొంతంగా చేశానంటే ఎలా?

ఈ దెబ్బ తగిలింది. సొంతంగా చేశామని చెప్పుకునేవాళ్ళం చాలామంది ఈ గీత ఎక్కడ గీయాలో ఆలోచించం. ఆమె కాస్త తడబడినా మాట దాటేయలేదు.

అమ్మాయి: ఒప్పుకుంటాను. మొత్తం మన చేతుల మీదే జరగాలని నేననను. నాకు కావలసింది ఒకటే: లోపల ఏం జరుగుతోందో పిల్లవాడు చదువుకోగలగాలి. ఆర్డుయినోఐఎస్‌పీ కోడ్ కంప్యూటర్‌లో తెరిచి పెట్టుకోవచ్చు. ఏసీ, 53 పంపే వరస వేలుపెట్టి చూపించొచ్చు. ఆ అంకె మార్చేసి, చిప్ ఎందుకు పలకడం లేదో చూడొచ్చు. పెట్టెలో వచ్చిన వస్తువుతో అది కుదరదు.

బాబాయి: చదవడానికైతే యూఎస్‌బీఏఎస్‌పీ కోడ్ కూడా దొరుకుతుంది. ఫిష్ల్ ఇచ్చేశాడని నువ్వే అన్నావు.

అమ్మాయి: దొరుకుతుంది. నువ్వు కొనిచ్చే క్లోన్‌లో ఉన్నది ఆ కోడేనా, దాంట్లో ఏ పాత వెర్షనా అన్నది పెట్టె మీద రాసి ఉండదు.

బాబాయి: సరే, మరోటి అడుగుతాను. బంజారా హిల్స్ రోడ్ నంబర్ 2లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉందిగా. హిందీ, తమిళం, తెలుగు మూడింటి తొలి టాకీల్లోనూ కనిపించిన మనిషి ఆయన. అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో నిలబెట్టిన సంస్థ అది. మన సినిమా డబ్బుతో పుట్టిన ఆసుపత్రి. అక్కడ సృజన అని ఒక కేంద్రం ఉంది. ఇంజనీర్లూ డాక్టర్లూ కలిసి తక్కువ ఖర్చులో కంటి పరికరాలు చేస్తారు. కంటి వెనక రెటీనాని ఫొటో తీసే పరికరం ఒకటి చేసి, డిజైన్ అందరికీ తెరిచి పెట్టారు. దానికి మెదడు ఏది?

అమ్మాయి: రాస్ప్‌బెరీ పై.

బాబాయి: దాంట్లోకి కోడ్ ఎలా వెళ్ళింది? మెమరీ కార్డులో. ప్రోగ్రామరే అక్కర్లేదు. అక్కడి పిల్లలు తీగలు అతికించుకుంటూ కూర్చోలేదు. వాళ్ళ బుర్రంతా లెన్సు మీదా అద్దం మీదా కన్ను మీదా పెట్టారు. పెట్టాల్సింది కూడా అక్కడే. పనిముట్టు గురించి ఆలోచించక్కర్లేనప్పుడే పని గురించి ఆలోచించగలం.

అమ్మాయి: మంచి ఉదాహరణే తెచ్చావు, కానీ సగం వదిలేశావు. ఆ ఫొటోలు తీసే యంత్రాలు బజార్లో లేకనా? ఉన్నాయి, లక్షలు పోసి కొనాలి. పాడైతే కంపెనీ మనిషి రావాలి. అందుకే లోపల ఏముందో విప్పి ఆలోచించి, కటకం, అద్దాలు, త్రీడీ ప్రింట్ చేసిన డొప్ప, రాస్ప్‌బెరీ పై బోర్డు పెట్టి తామే కట్టుకున్నారు. కొనగలిగే చోట కొన్నారు, కట్టాల్సిన చోట కట్టారు. ఎక్కడ ఏది చేయాలో వాళ్ళకి తెలిసింది ఇలా విప్పి చూసే అలవాటు వల్లేనని నా నమ్మకం. ఆ అలవాటు ఏదో ఒక చిన్న వస్తువుతో మొదలవ్వాలిగా. ప్రోగ్రామర్ కంటే చిన్నది ఏముంది?

బాబాయి: అయితే రాయదుర్గం తీసుకెళ్ళు. 2023 మార్చిలో టీ-వర్క్స్ అనే ప్రోటోటైపింగ్ కేంద్రం తెరిచారుగా, డెబ్భై ఎనిమిది వేల చదరపు అడుగులు, అన్ని యంత్రాలూ ఉన్నాయి. నా షెడ్డులో బల్ల కూడా సరిగా లేదు.

అమ్మాయి: తీసుకెళ్తాను. తీగ అతికించడం వచ్చాక.

ఇక్కడినుంచి వాదన కొత్త చిప్ మీదకి మళ్ళింది. నా దృష్టిలో మొత్తం సంభాషణలో బరువైన భాగం ఇదే.

అమ్మాయి: గుజరాతీ గల్లీలో కొత్త ఏటీమెగా8 కొన్నావు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాని లోపలి క్లాక్ ఒక మెగాహెర్ట్జ్. కోడ్ ఎక్కించే క్లాక్ దాంట్లో నాలుగో వంతుకి లోపే ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్. పాత ఫర్మ్‌వేర్ ఉన్న యూఎస్‌బీఏఎస్‌పీ ఎంత వేగంతో మాట్లాడుతుంది? 375. చిప్ పలకదు. స్క్రీన్ మీద ఎస్‌సీకే పీరియడ్ సెట్ చేయలేకపోయానని ఒక వార్నింగ్, కింద ఎర్రర్. బటన్ నొక్కడమే తెలిసిన పిల్లవాడు ఏమనుకుంటాడు? చిప్ పోయిందనుకుని ఇంకోటి కొంటాడు. అదీ పలకదు.

బాబాయి: దాని మీద నెమ్మది క్లాక్‌కి జంపర్ ఉంటుంది. రెండు పిన్నులు కలిపితే సరి.

అమ్మాయి: కొన్ని క్లోన్లలో ఆ చోట రంధ్రాలే ఉంటాయి, బెర్గ్ పిన్నులు అతికించరు.

బాబాయి: తీగ ముక్క పెట్టి కలిపితే పోయె. ఎవరైనా తెలిసినవాణ్ణి అడిగితే చెప్తాడు.

అమ్మాయి: ఆ తెలిసినవాడివి నువ్వు బాబాయ్. నీకెలా తెలిసింది?

పెద్దాయన వెంటనే జవాబు చెప్పలేదు. ఆ తర్వాత చెప్పింది మాత్రం ఆమె ఎదురుచూసినది కాదు.

బాబాయి: కేబుల్ చేసుకోవడం వల్లే తెలిసింది. కాదనను. కానీ నా పక్కన నాతోపాటు చేసుకున్నవాళ్ళలో చాలామందికి తెలియలేదు. వాళ్ళ కేబుల్ మొదటిసారే పనిచేసింది, అంతటితో మర్చిపోయారు. కొందరిది అసలు పనిచేయలేదు, విసుగొచ్చి ఆ పనే మానేశారు. మొదలుపెట్టినవాడల్లా నేర్చుకుంటాడని నువ్వు అనుకుంటున్నావు. మానేసినవాళ్ళు నీకు కనిపించరు కాబట్టి అలా అనుకుంటున్నావు. వాళ్ళు నాకు కనిపించారు.

అమ్మాయి: అందుకే పక్కన మనిషి ఉండాలంటాను. ఒంటరిగా చేయమనడం లేదు, నేనుంటాను.

బాబాయి: ఇంకోటి విను. సెట్‌లో షాట్ రెడీ అన్నాక నా ప్యానెల్ వెలగలేదనుకో, ఫ్లోర్ మీద అందరూ ఆగిపోతారు. హీరో కాల్‌షీట్ కరిగిపోతుంటుంది. అప్పుడు జంపర్ తీగ వదులైందేమోనని వెతుకుతూ కూర్చోలేను. పెట్టెలో వచ్చిన ప్రోగ్రామర్, మంచి ఎఫ్‌ఆర్‌సీ కేబుల్, ఎక్కించాక మళ్ళీ చదివి సరిచూసుకోవడం, స్పేర్ చిప్ జేబులో. పని అంటే అది. ఇక నిప్పూ పేలుడూ ఉన్న షాట్ల దగ్గరికి మన సరుకు ఏదీ వెళ్ళకూడదు. ఆ పనికి లైసెన్సున్న వాళ్ళు వేరు, వాళ్ళ పరికరాలు వేరు. ఈ మాట మాత్రం మొదటి రోజే చెప్పు.

అమ్మాయి: చెప్తాను. దాంట్లో మనిద్దరికీ తేడా లేదు. సెట్ మీదకి కొన్నదే తీసుకెళ్ళు, నేనూ ఆఫీసులో కొన్నదే వాడతాను. నేర్చుకునే బల్లకీ ఫ్లోర్‌కీ ఒకే నియమం పెట్టకు.

బాబాయి: అంత పట్టుగా ఉంటే సగం పాఠం చెప్పకు.

అమ్మాయి: సగమేమిటి?

బాబాయి: నీ నాలుగు తీగలు రీసెట్ పిన్ను చెప్పుచేతల్లో ఉన్నంతవరకే పనికొస్తాయి. ఏటీటైనీ85 తీసుకో. ఎనిమిది కాళ్ళు. కరెంటూ గ్రౌండూ రీసెట్టూ పోతే మనకి మిగిలేవి అయిదు. ఆరో ఎల్‌ఈడీ లైన్ కావాలని రీసెట్ పిన్నుని మామూలు పిన్నుగా మార్చే ఫ్యూజ్ బిట్ రాస్తారు. రాసిన మరుక్షణం ఆ దారి మూసుకుపోతుంది. నీ ఊనో ఎన్నిసార్లు పిలిచినా పలకదు. బతికున్న చిప్‌ని పోయిందని పారేస్తారు. అది మళ్ళీ లేవాలంటే రీసెట్ కాలికి పన్నెండు వోల్టులు పెట్టి వేరే పద్ధతిలో మాట్లాడాలి. చేయిస్తే అది కూడా చేయించు. చెడగొట్టింది బాగుచేసుకోవడం రాకుండా కోడ్ ఎక్కించడం మాత్రం వస్తే ఏం లాభం?

అమ్మాయి: పన్నెండు వోల్టులా? మొదటి వారం పిల్లలకా? అయిదు వోల్టుల కాలికి ఒక్కసారి తప్పు తగిలిస్తే ఊనో కూడా పోతుంది. అది తర్వాత చూద్దాం బాబాయ్.

బాబాయి: ఇందాక నేనన్నది ఇదే కదా. పిల్లలు భయపడతారు, మానేస్తారు అని. అప్పుడు ఒప్పుకోలేదు నువ్వు.

అమ్మాయి: అది వేరు.

బాబాయి: వేరేం కాదు. ఊనో ఒకటి, బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, ప్రతి లైనుకీ ఒక కిలోఓమ్ రెసిస్టర్. ఆ రెసిస్టర్లే ఊనోని కాపాడేది. ట్రాన్సిస్టర్ పన్నెండు వోల్టులని తెరిచి మూస్తుంది. ఒక్కడి చేత కాదు, అందరూ కలిసి ఒక్కటే చేయండి. రెండో వారంలో చేయండి, నేను పక్కన నిలబడతాను.

అమ్మాయి: పన్నెండు వోల్టులు ఎక్కడినుంచి తెస్తావు?

బాబాయి: ఈ షెడ్డు నిండా స్ట్రిప్ లైట్ల సప్లైలే కదమ్మా. కాకపోతే దేన్ని పడితే దాన్ని పెట్టకండి. డేటాషీట్ పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకానే ఒప్పుకుంటుంది. ముందు మీటర్ పెట్టి చూడండి, పన్నెండున్నర దాటితే పక్కనున్న స్క్రూ తిప్పి తగ్గించండి. ఆ నీలం డబ్బాలో పలకని టైనీలు ఉన్నాయి, పారేయలేదు. సిగ్నేచర్ 1ఈ, 93, 0బీ అని వస్తే చిప్ బతికున్నట్టు. హై ఫ్యూజ్ చదివితే 5ఎఫ్ అని ఉంటుంది. దాన్ని డీఎఫ్‌గా మార్చి రాసి, సప్లై తీసేసి, నీ నాలుగు తీగలతో మళ్ళీ పిలిచి చూడండి.